బాప్టిస్టు సోదరుల విశ్వాసం



కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పెళ్ళి సంబంధం కుదిరినప్పుడు విచారణ గురువుకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఫాదర్, అబ్బాయి బాప్టిస్టు. అతనికి మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వాలా?" జవాబుకు ముందు వారి విశ్వాసాన్ని తెలుసుకుందాం.

వారికి విశ్వాసం ముందు, బాప్తిస్మం తర్వాత. క్రీస్తును స్వయంగా అంగీకరించినవారికే నీటిలో ముంచి బాప్తిస్మమిస్తారు. శిశువులకు ఇవ్వరు. 1876-78 కరువులో, సాయం కోసం ఎవరూ మతంలో చేరకూడదని ఒంగోలు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపివేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

విశ్వసించినవారే సంఘం కనుక సంఘమే తన వ్యవహారాలు నడుపుకుంటుంది. సభ్యులే పాస్టరును పిలుచుకుంటారు, డీకన్లను ఎన్నుకుంటారు. వారిపై మేత్రాణులు ఉండరు. 1962లో ఏర్పడిన తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం సంఘాల కూటమే గాని, మన పీఠం వంటిది కాదు.

ఇక జవాబు. నీటితో, పితృ పుత్ర పవిత్రాత్మ నామమున పొందిన జ్ఞానస్నానాన్ని శ్రీసభ గుర్తిస్తుంది, మళ్ళీ ఇవ్వదు. సందేహముంటే విచారించాలి. వివాహానికి మాత్రం మేత్రాణుల అనుమతి కావాలి.

"పసిబిడ్డకు ఏం తెలుసని ఇస్తారు?" అని వారు మనల్ని అడుగుతారు. జ్ఞానస్నానం దేవుని ఉచిత వరం. శ్రీసభ విశ్వాసంలో ఇస్తాం. కాని ఆ విశ్వాసాన్ని బిడ్డకు నేర్పని తల్లిదండ్రులు ఆ ప్రశ్నకు ఏమని బదులిస్తారు?