సీసపు గొట్టానికి ఇత్తడి మూతి: ఒక అతుకు నేర్పిన పాఠం



పెరంబూరు అనగానే 1955లో మొదలైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ గుర్తుకొస్తుంది. నాది మాత్రం రైలు పెట్టెల పని కాదు, గొట్టాల పని.

1978లో ఇక్కడే ఒక పాత మేడలో, స్నానాలగది నీరు పోయే సీసపు గొట్టానికి కొత్త ఇత్తడి మూతి అతకమని మా మేస్త్రిగారు నన్ను పంపారు. తొందరలో బ్లో ల్యాంపు మంటను సూటిగా గొట్టం మీదే పెట్టాను. చూస్తుండగానే సీసం కారిపోయి జానెడు గొట్టం పాడైంది. ఆ నెల కూలిలో సగం దానికే పోయింది. మేస్త్రిగారు తిట్టలేదు. "ఏది ముందు కరుగుతుందో తెలియకుండా మంట ముట్టించకు నాయనా" అన్నారు. ఆ మాటే నేటి పాఠం.

తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్ద, సీసం 327 వద్ద కరుగుతాయి. ఇత్తడికి 900 దాకా కావాలి. ఒక పాలు తగరం, రెండు పాళ్ళు సీసం కలిపిన టంకం 183 వద్దే మెత్తబడి, సుమారు 250 వద్ద పూర్తిగా నీరవుతుంది. రెండు లోహాలు కలిస్తే విడివిడిగా ఉన్నప్పటికంటే తక్కువ వేడికే కరగడం మొదలవుతుందన్నమాట! 183కు, 250కి మధ్య టంకం ముద్దలా ఉంటుంది. అప్పుడే గుడ్డతో అతుకు చుట్టూ నున్నగా తుడిచి రూపం ఇస్తాం. కానీ టంకం నీరయ్యే వేడికీ, గొట్టమే కరిగే వేడికీ తేడా 77 డిగ్రీలే.

పని వరుస ఇది:

1. గొట్టంలో నీరు లేకుండా ఆరబెట్టాలి. తడి ఉంటే వేడి నిలవదు, ఆవిరి టంకాన్ని తోసేస్తుంది.
2. ఇత్తడి మూతిని విడిగా వేడిచేసి ముందే కళాయి పూయాలి.
3. సీసం మీది మసక పొరను మెరిసేదాకా గీకి, వెంటనే కొవ్వు రాయాలి. లేకుంటే గాలి తగిలి మళ్ళీ పొర కడుతుంది.
4. మంటను ఎక్కువగా ఇత్తడికే చూపి, కదుపుతూ ఉండాలి.
5. చల్లారేవరకు అతుకును కదపరాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. సీసం విషం, పిల్లల మెదడు ఎదుగుదలకు మరీ హాని. గీకిన పొడిని ఊడ్చి ఎగరేయక తడిగుడ్డతో తీయాలి. పని ముగిశాక సబ్బుతో చేతులు కడగనిదే అన్నం ముట్టరాదు. ఈ అతుకు మురుగు నీటి గొట్టానికే. తాగునీటి గొట్టం సీసానిదైతే అతకవద్దు, మార్పించండి. మురుగు గొట్టానికి కూడా ఇప్పుడు మంట అవసరంలేని రబ్బరు బిగింపులు దొరుకుతున్నాయి.

విద్యార్థులారా, పుస్తకంలో 327 అని చదివి మరచిపోవచ్చు. నేను సగం నెల కూలి ఇచ్చి నేర్చుకున్నాను. మీరు ముందే చదువుకొని పనిలోకి రండి.