తాండూరు అద్దానికి పట్టే గార



వికారాబాద్, తాండూరు రెండు చోట్లా తిరుగుతూ కిటికీ అద్దాలు శుభ్రం చేసే పని పెట్టుకుంటున్నావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. సంతోషించాను. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా అయిన దగ్గర్నుంచి ఆఫీసులు, ఆసుపత్రులు, షోరూములు అన్నీ అద్దాల ముఖాలతోనే లేస్తున్నాయి. అనంతగిరి చుట్టూ రిసార్టుల్లో కొండ కనబడాలని గోడ నిండా అద్దాలే పెడుతున్నారు. బిగించేవాళ్లు దొరుకుతారు గానీ, వాటిని ఏళ్ల తరబడి తేటగా ఉంచేవాడు దొరకడు. కాబట్టి పనికి కొదవ ఉండదు. అయితే హైదరాబాద్‌లో నా వెంట తిరిగి నువ్వు చూసిన పద్ధతి అక్కడ ఉన్నదున్నట్టు పనికిరాదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

తాండూరు నేల కింద ఉన్నది సున్నపురాయి. మనం బండలని ఇళ్లలో పరుచుకునేది దాన్నే. దగ్గర్లోని కరన్‌కోట్‌లో సిమెంటు ఫ్యాక్టరీ వెలిసిందీ దాని కోసమే. వాన నీళ్లు మట్టిలోంచి దిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువును కలుపుకుని ఆ రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. బోరు వేసి మనం తోడేది ఆ కరిగిన రాయి కలిసిన నీళ్లనే. అద్దం మీద చుక్క ఆరిందంటే నీళ్లూ వాయువూ గాలిలో కలిసిపోతాయి, రాయి మళ్లీ రాయై కూర్చుంటుంది. ఆ తెల్లటి మచ్చే గార. గీజరు కాయిల్‌కూ కుళాయి మూతికీ పట్టేదీ ఇదే.

ఎంత రాయి అంటావా? తాగే నీళ్లకు మన దేశంలో పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు సర్దుకోవచ్చు. ఆ 600 ఉన్న పది లీటర్ల బకెట్ నీళ్లు అద్దాల మీదే ఆరిపోతే ఇంచుమించు ఆరు గ్రాముల సున్నం అక్కడ మిగులుతుంది. వారం వారం పైపుతో కడిగించి, "అద్దం ఇంకా మసకబారుతోంది" అని బాధపడే యజమానులు నీకు చాలామంది తగులుతారు. ఆ మసక తెచ్చింది ఆ కడగడమే.

నీళ్లు ఎంత కఠినమో తెలియాలంటే, ఏ ఇంటికి వెళ్లినా ముందు వంటింటి సంగతి అడుగు. 2022లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు తెచ్చుకున్న మన తాండూరు కందిపప్పు కూడా ఆ ఇంటి బోరు నీళ్లలో ఉడకకుండా మొండికేస్తోందంటే, సబ్బు నురగ రావట్లేదంటే, నీకు కావలసిన జవాబు సగం దొరికినట్టే. మిగతా సగానికి టీడీఎస్ మీటరు జేబులో పెట్టుకో. అది నీళ్లలో ఉన్న మొత్తం లవణాల లెక్క చెబుతుంది, సున్నం ఒక్కదానిదే చెప్పదు. మన పనికి అది చాలు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వచ్చే ఇంట్లో కూడా పై ట్యాంకులో బోరు నీళ్లు కలుస్తున్నాయేమో చూసుకో.

అక్కడ నీ పనికంతా మూలం ఒక్కటే: చుక్క నీరు కూడా అద్దం మీద ఆరకూడదు. బోరు నీళ్లతో కడిగినా తప్పు లేదు, ఆరకముందే లాగేస్తే చాలు. అందుకే ఎండ పడే అద్దం ముట్టుకోకు. పొద్దున పడమటి వైపు, మధ్యాహ్నం దాటాక తూర్పు వైపు చెయ్యి. ముందు దుమ్మును నీళ్లతో జార్చు, పొడిగుడ్డతో రుద్దకు. బండల దుమ్ము గాజు కంటే మెత్తన కాబట్టి అంతగా గీత పడదు, కానీ వికారాబాద్ వైపు ఎర్రమట్టిలో ఇసుక రేణువులుంటాయి. అవి గాజు కంటే గట్టివి, ఒక్క రుద్దుకే గీత పెడతాయి. ఆ తర్వాత సబ్బునీళ్లు పట్టించి స్క్వీజీ లాగు. 1936లో అమెరికాలో ఎత్తోరె స్టెక్కోనె అనే ఇటలీ మనిషి తయారుచేసిన ఇత్తడి పట్టీ, ఒంటి రబ్బరు పనిముట్టే నేటికీ మనందరి చేతుల్లో ఉంది. రబ్బరు అంచు మొద్దుబారితే సన్నటి నీటి గీత వదులుతుంది, తాండూరులో ఆ గీత సాయంత్రానికి తెల్ల గీత అవుతుంది. రబ్బరు దగ్గర పిసినారితనం వద్దు. చివరగా కింది మూలలో, రబ్బరు గాస్కెట్ వెంట దాక్కునే నీళ్లను పొడి గుడ్డ మొనతో తీసెయ్యి. చాలామంది అక్కడే వదిలేస్తారు, గార కూడా అక్కడి నుంచే పైకి పాకుతుంది.

ఎత్తు అద్దాలకు పొడుగు కర్ర బ్రష్షుతో కడిగి అలాగే ఆరనివ్వాలంటే మాత్రం నీళ్లలో ఏమీ ఉండకూడదు, మీటరు సున్నా దగ్గర చూపాలి. క్యాన్లలో అమ్మే ఆర్వో నీళ్లు తాగడానికి బాగుంటాయి గానీ దీనికి చాలవు. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను లాగేసే రెజిన్ గొట్టం గుండా పంపాలి. బోరు నీళ్లను నేరుగా రెజిన్‌కి పెట్టావంటే అది త్వరగా చచ్చిపోతుంది, పైసలు దండగ. వానాకాలంలో మొదటి వానను పోనిచ్చి, శుభ్రమైన డాబా మీది నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకో. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో ఏసీల నుంచి కారే నీళ్లు కూడా ఆఖరి తుడుపుకు పనికొస్తాయి. ముందు మీటరు పెట్టి చూడు, తాగడానికి మాత్రం వాడొద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. పాత గార తియ్యాలంటే పులుపు కావాలి. సున్నాన్ని పులుపే విడదీస్తుంది. కానీ తాండూరులో కిటికీ గట్టు ఏమిటి? బండే. మెట్లు బండే, అరుగు బండే. అద్దం మీది గారా, కింది గట్టూ ఒకే రాయి. ఒకదాన్ని కరిగించే మందు రెండోదాన్నీ కరిగిస్తుంది. పాలిష్ పట్టిన నల్లబండ మీద నిమ్మ ఉప్పు నీళ్ల చుక్క ఒకటి పడనిచ్చి చూడు. సన్నగా బుడగలు లేస్తాయి. తుడిచాక రూపాయి బిళ్లంత మేర మెరుపు పోయి బూడిదరంగు తేలుతుంది. ఎంత కడిగినా ఆ మెరుపు తిరిగి రాదు, మళ్లీ పాలిష్ మిషన్ తేవాల్సిందే. పక్క ఊళ్లలో పని నేర్చి వచ్చినవాళ్లు అక్కడ దెబ్బ తినేది ఇందుకే.

కాబట్టి ముందు గట్టును మామూలు నీళ్లతో బాగా తడుపు, తడిసిన రాయి పులుపును అంతగా పీల్చదు. దాని మీద మందపాటి ప్లాస్టిక్ పరిచి టేపు వెయ్యి, అంచున పాతగుడ్డ మడత పెట్టు. ఇంకో బకెట్లో వంటసోడా కలిపిన నీళ్లు పక్కనే ఉంచు, ఎక్కడ చుక్క పడినా వెంటనే దానితో తుడిచెయ్యడానికి. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద కొద్ది నిమిషాలు అంటించి ఉంచు. తెల్ల ప్యాడ్‌తో మెల్లగా రుద్దు, కడుగు, లాగు. ఒకసారికి పోకపోతే మళ్లీ చెయ్యి గానీ మందు ఘాటు పెంచకు.

బాత్రూమ్ యాసిడ్ వైపు చూడొద్దు. అది అల్యూమినియం ఫ్రేమును తింటుంది, బండను తింటుంది, బ్లీచింగ్ తగిలితే క్లోరిన్ వదిలి మనిషి ఊపిరినీ తింటుంది. దాని కంటే ప్రమాదం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. ఒక్క తుడుపుకు మరకలు మాయం అని అమ్మే కొన్ని సీసాల్లో అదో, దాని చుట్టమైన అమ్మోనియం బైఫ్లోరైడో ఉంటుంది. నీళ్లలా ఉంటుంది, చర్మం మీద పడ్డప్పుడు మంట కూడా వెంటనే తెలియదు. లోపలికి దిగి ఎముక దాకా పోతుంది, రక్తంలో కాల్షియాన్ని లాగేసి గుండెను ఆపగలదు. సీసా మీద ఆ పేర్లుంటే, లేక అసలు ఏ పేరూ లేకపోతే కొనకు. నీ దగ్గర పనిచేసే కుర్రాళ్ల చేతికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకు. ఇందులో నాకు రెండో మాట లేదు.

అన్ని మచ్చలూ పోవు. ఏళ్ల తరబడి తడుస్తూ ఆరుతూ ఉన్న గాజును ఆ నీళ్లే తినేస్తాయి. కట్టేటప్పుడు సిమెంటు పాలు కారిన అద్దం సంగతీ అంతే. పులుపు పెట్టాక కూడా మచ్చ నున్నగా అలాగే నిలబడిందంటే అది గార కాదు, గాజుకే తగిలిన గాయం. సీరియం ఆక్సైడుతో గంటల తరబడి పాలిష్ పడితే కొంత తగ్గవచ్చు, కానీ పైపూత ఉన్న అద్దానికి అదీ కుదరదు. అందుకని బేరానికి ముందే ఓ మూల అరచేతంత మేర యజమాని కళ్లముందు చేసి చూపించు. ఎంత పోతుందో ఆయన చూస్తాడు, తర్వాత మాట పడక్కర్లేదు. గార తీసే మొదటి పనికి వేరే ధర, నెలనెలా తుడుపుకు వేరే ధర చెప్పు. రెండూ కలిపి తక్కువకు ఒప్పుకుంటే తొందరపడి ఘాటు మందుల వైపు పోతావు.

గార తీశాక వెనక్కి జరిగి పైకి చూడు. ఆ నీళ్లు ఎక్కడి నుంచి పడుతున్నాయి? పై ట్యాంకు పొంగుతోందా, సజ్జ చివర చుక్క లోపలికి జారుతోందా, తోట స్ప్రింక్లర్ అద్దాన్ని తడుపుతోందా? యజమానికి చూపించి బాగుచేయించు. నీకు పని తగ్గుతుందని భయపడకు, అలా చెప్పినవాణ్ణే మళ్లీ పిలుస్తారు.

నిచ్చెన సంగతి. తడిసిన పాలిష్ బండ మీద నిచ్చెన కాలు నిలవదు. సబ్బునీళ్లు పడితే మరీను. కింద రబ్బరు చాప వెయ్యి, ఒక మనిషి పట్టుకునే ఉండాలి. అతను ఫోన్ ఎత్తడానికి కూడా చెయ్యి తీయకూడదు. అల్యూమినియం కర్ర లేపే ముందు కరెంటు తీగలు చూసుకో. తాండూరు గల్లీల్లో అవి బాల్కనీలకు చేతికందేంత దగ్గరగా పోతుంటాయి. తాడు మీద వేలాడే పని తగిన శిక్షణ అయ్యేదాకా ఒప్పుకోకు, ఎంతిచ్చినా సరే.

ఇంకొకటి. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన వీధిలో పైపు పట్టి అద్దాలు కడగడం నాకు మనసొప్పదు. స్క్వీజీ పనికి ఒక ఇంటి ముందరి భాగమంతా బకెట్ నీళ్లతో అవుతుంది. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు మోరీలోకి పోనివ్వకు, బండి కడగడానికో, గచ్చు తుడవడానికో డ్రమ్ములో పట్టు.

మొదటి పని ఒప్పుకునే ముందు ఆ ఇంట్లో మీటరు ఎంత చూపించిందో, గట్టు ఏ రాయో, అద్దానికి పూత ఉందో లేదో చూసి నాకు ఫోన్ చెయ్యి. ఫొటోలు ఎండలో కాకుండా నీడలో, పక్క నుంచి తీసి పంపు, అప్పుడే మచ్చ కనబడుతుంది.

ఇట్లు,
మీ చిన్నాయన