పిలిస్తే తిరుగుతోందా? చంటిపిల్లల ఎదుగుదలలో దేనికి ఆగవచ్చు, దేనికి ఆగకూడదు



పీటీఎంలో పెద్దపిల్లల మార్కుల సంగతి అయిపోయాక, మీలో చాలామంది ఒళ్లో ఉన్న చంటిబిడ్డ గురించి అడుగుతుంటారు. "ఎనిమిది నెలలొచ్చాయి మేడమ్, ఇంకా పాకట్లేదు. పక్క విల్లాలో పాప ఆరో నెలకే పాకిందట" అని. నేను డాక్టర్ని కాదు. అయినా టీచర్‌గా మాకు తెలిసినంతవరకు చెప్పవలసిన విషయం ఒకటుంది: మీరు భయపడేది ఒకదానికి, భయపడవలసింది చాలాసార్లు ఇంకొకదానికి.

బిడ్డ తొలిసారి నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు చేసి పంచడం మన ఇళ్లలో ఉన్నదే. నన్నడిగితే అది అమ్మమ్మల మైల్‌స్టోన్ చార్టు. వరుస చక్కగా ఉంది, తేదీలు మాత్రం లేవు. తేదీలు అంత గట్టిగా ఉండవు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీతో పాటు మరో నాలుగు దేశాల్లో ఆరోగ్యవంతులైన పిల్లల్ని గమనించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చని తేలింది. నూటికి నలుగురు చేతులు, మోకాళ్ల మీద పాకనే లేదు, నేరుగా నిలబడి నడిచేశారు. కాబట్టి పక్కింటి పాపతో పోలిక వద్దు. ర్యాంకుల గొడవ పెద్ద క్లాసులకు వదిలేద్దాం.

మరి దేనికి ఆగకూడదు? వినికిడికి. వినికిడి లోపం పైకి కనిపించదు. చెవులు వినిపించని బిడ్డ కూడా మొదటి నెలల్లో అందరిలాగే "ఉంగా ఉంగా" అంటుంది, నవ్వుతుంది. తన గొంతు తనకు వినిపించదు కనుక ఆ శబ్దాలు "బబబ", "తతత"గా మారవలసిన వేళకు మారవు, మెల్లగా తగ్గిపోతాయి. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే" అంటారు. మూడేళ్లు గడిచి నర్సరీకి వచ్చాక గానీ అనుమానం రాదు. మాటలకు పునాది పడే కాలం అప్పటికి చాలావరకు జారిపోయి ఉంటుంది. వినికిడి పరీక్ష పుట్టిన నెలలోపు, లోపముంటే నిర్ధారణ మూడు నెలల్లోపు, చికిత్స ఆరు నెలల్లోపు అనేది వైద్యులు పాటించే లెక్క. వెనకాల స్టీలు గిన్నె మోగించి చూశాం, ఉలిక్కిపడింది అని నిశ్చింతగా ఉండకండి. పెద్ద చప్పుడు వినిపించి, మామూలు మాట వినిపించకపోవచ్చు. ఓఏఈ, బెరా అనే పరీక్షలున్నాయి, నొప్పి ఉండదు, బిడ్డ నిద్రలో ఉండగానే చేస్తారు.

మిగతావి గుర్తుంచుకోవడానికి టీకాల తేదీలే సులువు. 14 వారాల టీకాకు వెళ్లేసరికి మీ ముఖం చూసి నవ్వాలి, కళ్లతో మిమ్మల్ని వెంబడించాలి. నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోతే చూపించండి. తొమ్మిదో నెల టీకా నాటికి పిలుపుకు తిరగాలి, "బబబ" వినిపించాలి. ఏడాదికి టాటా చెప్పడం, వేలుతో చూపించడం లాంటివి ఏవీ లేకపోతే, ఏడాదిన్నరకు నడక రాకపోతే ఇక ఆగవద్దు. ఏడాదిలోపు ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతుంటే ఎడమచేతి వాటం అని మురిసిపోకండి, రెండో చేతిలో బలహీనత ఉండవచ్చు. ఒళ్లు మరీ వడిలినట్టున్నా, కర్రలా బిగుసుకుపోతున్నా అంతే. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన పని పోవడం. నిన్నటిదాకా అన్న మాట, చూసిన చూపు తగ్గిపోతే ఏ వయసైనా ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ లెక్కలన్నీ డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి, రెండేళ్లు వచ్చేదాకా.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తాయి. మన గేటెడ్ కమ్యూనిటీల పిల్లలు అంగన్‌వాడీ గడప తొక్కరు కదా, వాళ్లను చూసుకోవలసింది మనమే. ముందు మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. అవసరమైతే, బౌరంపేట్ నుంచి సుచిత్ర మీదుగా వెళ్తే బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. పాతవాళ్లు ఎన్‌ఐఎంహెచ్ అంటారు. ఎదుగుదల ఆలస్యమైన చంటిపిల్లలకు అక్కడ పరీక్షలూ శిక్షణా ఉన్నాయి.

వెళ్లేటప్పుడు టీకా కార్డుతో పాటు ఫోన్లో వీడియో ఒకటి పట్టుకెళ్లండి. క్లినిక్‌లో బిడ్డ నిద్రపోతుంది, లేదా ఏడుస్తుంది. ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు వెనక నుంచి పేరు పెట్టి పిలిచి తీసిన అర నిమిషం వీడియో చాలు.