స్వార్థమును జయించుట

స్వార్థము లోభియందే గాక దాతయందును దాగియుండును. ఇచ్చు చేయి పైనుండుటచేత, పుచ్చుకొనువానికంటె తానధికుడనని దాత తలంచును. మన రుద్రారమునకు ఉత్తరముననున్న మెదకులో 1914వ సంవత్సరము మొదలు సుమారు పది సంవత్సరములు గొప్ప దేవాలయము కట్టబడెను. క్షామపీడితులకు పోస్నెట్ దొరగారు వట్టి భిక్షము వేయక, ఆ కట్టడములో పనియిచ్చి అన్నము పెట్టిరి. 1924 డిసెంబరు 25వ తేదీన అది ప్రతిష్ఠింపబడినప్పుడు, రాళ్లు మోసిన కూలివాడును దానిని తనదని చెప్పుకొనదగియుండెను. క్రీస్తు ప్రభువు శిష్యుల పాదములు కడుగుటకై వారికంటె క్రిందికి వంగెను. విశ్వాసము మనలను వంచవలసినదియు నిచ్చటనే. తోడి విద్యార్థికి లెక్క రానియెడల జవాబు చూపుట సులభము. అందు మన గొప్పయే వెల్లడియగును. ప్రక్కన కూర్చుండి వానిచేతనే చేయించుట కష్టము. అందు వాడు పెరుగును. ఆ కష్టమునకే మనము పూనుకొందము గాక.