జ్ఞాపకాల పుస్తకం: ఫోటోకు రంగు కాగితపు అంచు వేయడం ఎలా?



మన ఇళ్లలో ఫోటోలకు కొదవ లేదు. బీరువా అడుగున పెళ్లి ఆల్బమ్ ఉంటుంది. ట్రంకు పెట్టెలో ఒక కవరు నిండా నలుపు తెలుపు ఫోటోలు ఉంటాయి. ఫోనులో వేలకొద్దీ ఉంటాయి. కాని ఇంట్లో నానమ్మకో తాతయ్యకో మతిమరుపు మొదలైనప్పుడు, వారి చేతికి ఇచ్చి కూర్చోబెట్టడానికి ఒక్క పుస్తకం కూడా సిద్ధంగా ఉండదు. అలాంటి పుస్తకాన్ని ఇంట్లోనే, తక్కువ ఖర్చుతో తయారు చేసుకునే పద్ధతిని ఈ నెల పాఠంలో నేర్చుకుందాం. ఫోటో చుట్టూ రంగు కాగితంతో అంచు వేయడం ఇందులో ముఖ్యమైన పని. దీన్నే మ్యాటింగ్ అంటారు.

ఈ పుస్తకం వల్ల ఏమి మేలు?

పెద్దవాళ్లు పదేపదే పాత సంగతులు చెబుతుంటే "చాదస్తం" అని కొట్టిపారేయడం మనకు అలవాటు. వైద్యులు కూడా ఒకప్పుడు అలాగే అనుకునేవారు. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికా మానసిక వైద్యుడు, వయసు మళ్లినవారు తమ జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం సహజమని, అది వారికి అవసరమని రాశారు. ఆ తరువాత 1990ల నుంచి మిషెల్ బూర్జువా అనే పరిశోధకురాలు, డిమెన్షియా ఉన్నవారికి ఫోటోలు, చిన్న చిన్న వాక్యాలు ఉన్న పుస్తకాలు ఇచ్చి, సంభాషణకు అవి ఎలా తోడ్పడతాయో చూపించారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పుస్తకం మందు కాదు. పాత జ్ఞాపకాలను గుర్తు చేసే పద్ధతులపై జరిగిన 22 అధ్యయనాలను 2018లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. కొందరిలో మేలు కనిపించింది, కాని ఆ మేలు చిన్నది, అందరిలోనూ ఒకేలా లేదు. కాబట్టి పుస్తకం చేశామని మందులు ఆపకండి. రోజూ ఒక పావుగంట ఇంటివాళ్లంతా పక్కన కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది. మంచం పట్టిన మనిషికి అది తక్కువ మేలు కాదు.

అంచు ఎందుకు?

అందం కోసమే కాదు. వయసుతో పాటు కంటి లెన్సు పసుపు రంగుకు తిరుగుతుంది. దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా తెలియడం కష్టమవుతుంది. తెల్లని పుట మీద తెల్లని అంచు ఉన్న పాత ఫోటో పెడితే, ఎక్కడ ఫోటో మొదలైందో, ఎక్కడ అయిపోయిందో వారికి సరిగా తెలియదు. ముదురు రంగు అంచు వేస్తే చూపు నేరుగా ముఖం మీదికి వెళుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పుట తిప్పేటప్పుడు వేళ్లు అంచు మీద పడతాయి, ఫోటో మీద పడవు. చేతి చెమట, నూనె ఫోటోను పాడు చేస్తాయి.

కాగితం ఎలా ఎంచుకోవాలి?

ఫోటోకు తగిలే కాగితంలో ఆమ్లం ఉండకూడదు. న్యూస్ పేపరు కొన్నాళ్లకే పసుపుపచ్చగా మారి పెళుసెక్కడం మీరు చూసే ఉంటారు. కట్టెలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం దానికి ఒక కారణం. అలాంటి కాగితం పక్కనున్న ఫోటోను కూడా పాడు చేస్తుంది. స్టేషనరీ షాపులో "యాసిడ్ ఫ్రీ" అని రాసి ఉన్న కాగితం అడగండి. నూలు గుడ్డతో చేసిన చేతి కాగితం కూడా మంచిదే.

మన ఇళ్లలో పాత శుభలేఖలు చాలా ఉంటాయి. వాటిలో మంచి రంగు రంగుల అట్టలు దొరుకుతాయి. వాటిని వాడుకోవచ్చు, కాని మూడు జాగ్రత్తలు తీసుకోండి. పసుపు అంటించిన మూలలను కత్తిరించి తీసేయండి, ఆ మరక పక్క కాగితానికి అంటుకుంటుంది. మెరుపు పొడి రాలే కార్డులను పక్కన పెట్టండి. శుభలేఖ అట్ట నేరుగా ఫోటోకు తగలకుండా, దాన్ని బయటి అంచుగానే వాడండి. లోపలి అంచు మాత్రం ఆమ్లం లేని కాగితమే కావాలి.

రంగు దిగుతుందో లేదో ముందే చూసుకోండి. కాగితం ముక్క మీద తడి దూది పెట్టి ఒక నిమిషం నొక్కండి. దూదికి రంగు అంటితే ఆ కాగితం వద్దు.

రంగు విషయానికి వస్తే, ఫోటోలో ఉన్న ఒక రంగునే తీసుకోండి. అమ్మ కట్టుకున్న చీర అంచు మెరూన్ అయితే, కాగితం కూడా మెరూన్ తీసుకోండి. నలుపు తెలుపు ఫోటోకు ముదురు ఆకుపచ్చ, మెరూన్ బాగుంటాయి. ముఖానికి దగ్గరగా పువ్వులు, చుక్కలు ఉన్న కాగితం వేయవద్దు. మతిమరుపు ఉన్నవారు ఆ చుక్కలను పురుగులనుకుని గిల్లి తీయాలని చూడవచ్చు. డిజైన్ కాగితం వాడాలనిపిస్తే బయటి అంచుకు సన్నగా వాడండి. నిగనిగలాడే కాగితం వెలుతురులో మెరిసి కళ్లకు ఇబ్బంది పెడుతుంది. మెరుపు లేనిదే మేలు.

తయారు చేసే పద్ధతి

కావలసినవి: ఎ4 సైజు మందపాటి పుటలు, రెండు రంగుల కాగితాలు, స్కేలు, పెన్సిలు, కత్తెర, గ్లూ స్టిక్.

1. ముందుగా ఫోటోకు నకలు తీయించండి. అసలు ఫోటోను కత్తిరించకూడదు, అంటించకూడదు. దాన్ని కాగితపు కవరులో వేసి విడిగా దాచండి. పుస్తకంలో నకలే వాడండి. రేపు పుట చిరిగినా, టీ ఒలికినా బాధ ఉండదు.

2. మామూలు 4 x 6 అంగుళాల ఫోటో 10.2 x 15.2 సెంటీమీటర్లు ఉంటుంది. లోపలి అంచుకు అన్ని వైపులా అర సెంటీమీటరు వదలాలి. అంటే మొదటి కాగితాన్ని 11.2 x 16.2 సెంటీమీటర్లకు కత్తిరించండి.

3. బయటి అంచుకు అన్ని వైపులా ఇంకో సెంటీమీటరు వదలండి. రెండో కాగితం 13.2 x 18.2 సెంటీమీటర్లు అవుతుంది.

4. ఈ రెండో కాగితం మధ్య భాగం ఎలాగూ కనబడదు. అందుకని నడుమ 9.2 x 14.2 సెంటీమీటర్ల ముక్కను కత్తిరించి తీసుకోండి. మొదటి కాగితాన్ని అంటించడానికి చుట్టూ ఒక సెంటీమీటరు చోటు ఇంకా మిగిలి ఉంటుంది. తీసిన ముక్క పాస్‌పోర్టు సైజు ఫోటోకు అంచుగా పనికొస్తుంది.

5. మొదటి కాగితాన్ని రెండో దాని మీద సరిగ్గా మధ్యలో గ్లూ స్టిక్‌తో అంటించండి.

6. ఫోటోకు మాత్రం జిగురు పెట్టకండి. మూలలకు చిన్న జేబులు చేయండి. 2.4 సెంటీమీటర్ల పొడవు, 1.2 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కాగితం ముక్క తీసుకోండి. పై రెండు మూలలను కింది అంచు మధ్యకు మడవండి. త్రికోణం వస్తుంది. మడతలు వెనక్కి ఉండేలా ఫోటో మూలకు తొడిగి, మడతల వెనుక జిగురు రాసి అంచు కాగితానికి అంటించండి. ఇలా నాలుగు చేయాలి. ఫోటో కదలదు, కావాలంటే బయటకు తీయవచ్చు.

7. పుటకు ఎడమ వైపు బైండింగు కోసం 3 సెంటీమీటర్లు వదలండి. పైన కూడా 3 సెంటీమీటర్లు వదిలి ఫోటోను అంటిస్తే, కింద రాసుకోవడానికి 8.5 సెంటీమీటర్ల చోటు మిగులుతుంది. అడ్డంగా తీసిన ఫోటోకు రెండు అంచులు వేస్తే ఎ4 పుట వెడల్పు చాలదు. అలాంటప్పుడు లోపలి అంచు ఒక్కటే వేయండి.

పుటకు ఒక్క ఫోటో చాలు. పుస్తకానికి 12 నుంచి 15 పుటలు చాలు. బరువైన పుస్తకాన్ని పెద్దవాళ్ల చేతులు మోయలేవు.

ఏమి రాయాలి?

"ఈయన ఎవరో చెప్పుకోండి చూద్దాం" అని రాయకండి. గుర్తు రాకపోతే వారికి సిగ్గు, బాధ. చదవగానే తెలిసేలా, వారే చెబుతున్నట్లుగా రాయండి: "ఈయన నా పెద్ద కొడుకు. లారీ నడుపుతాడు." "ఇది మా ఊరి చెరువు. ఇక్కడే ఈత నేర్చుకున్నాను." అక్షరాలు ఒక సెంటీమీటరు ఎత్తున, నల్లగా, విడివిడిగా ఉండాలి. రెండు వాక్యాలు మించవద్దు. మొదటి పుటలో వారి సొంత ఫోటో, పేరు, ఊరు పెట్టండి. చదువు రాని పెద్దవారైతే ఈ వాక్యాలు వారి కోసం కాదు. పక్కన కూర్చునే మనవడికో, ఆసుపత్రిలో చూసుకునే నర్సుకో ఉపయోగపడతాయి.

చేయకూడని పనులు

సెలోటేపు వాడకండి. కొన్నేళ్లకు దాని జిగురు పసుపుపచ్చగా మారి ఫోటోలోకి ఇంకుతుంది.

జిగురు పుట మీద ఫోటో పెట్టి పైన ప్లాస్టిక్ కప్పే పాత ఆల్బమ్‌లు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటి నుంచి ఫోటోను లాగకండి, చిరుగుతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని ఫోటో వెనుక మెల్లగా నడిపించండి. అయినా రాకపోతే అక్కడే ఉంచి ఫోనుతో ఫోటో తీసి నకలు వేయించండి.

మైదా జిగురుకు పురుగులు వస్తాయి. అందుకని కొందరు బైండింగు పనిలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. చేతికి దొరికింది నోట్లో పెట్టుకునే పసిపిల్లలు, మతిమరుపు ఉన్న పెద్దలు ఉన్న ఇంట్లో అది వద్దు.

ఆల్బమ్‌ల మధ్య కలరా ఉండలు వేయడం కూడా మంచిది కాదు. అవి నాఫ్తలీన్‌తో చేసినవి. మింగితే ప్రమాదం. జి6పిడి లోపం ఉన్నవారికి, పుట్టిన బిడ్డలకు వాటి వాసన తగిలినా రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. కలరా ఉండలతో దాచిన బట్టలను ఉతికి ఎండలో వేయకుండా పసిబిడ్డకు తొడగకూడదు. పురుగు పట్టకుండా ఉండాలంటే పుస్తకాన్ని పొడిగా ఉన్న చోట పెట్టి, నెలకోసారి తీసి దులపడం మేలు.

గర్భిణులకు ఇచ్చే స్కానింగ్ బొమ్మ సాధారణంగా వేడికి నల్లబడే కాగితం మీద వస్తుంది. దాన్ని లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లబడిపోతుంది. ఎండకు పెడితే చెరిగిపోతుంది. చాలా ఇ.సి.జి. కాగితాలూ అంతే. ఇంటికి రాగానే జిరాక్సు తీయించి, అసలుతో పాటు ఫైలులో ఉంచండి. తరువాత చూసే డాక్టరుకు అవి చాలా అవసరం.

కలిసి చూసేటప్పుడు

టీవీ కట్టేయండి. కళ్లజోడు పెట్టండి. వినికిడి యంత్రం ఉంటే అదీ పెట్టండి. మీరు పక్కన కూర్చోండి, ఎదురుగా వద్దు. వారు చెల్లెలిని చూసి అమ్మ అన్నా వెంటనే దిద్దకండి. "అమ్మ వంట బాగా చేసేదా?" అని అడగండి, మాట సాగుతుంది. చనిపోయినవారి ఫోటో చూసి దుఃఖపడితే చెయ్యి పట్టుకోండి. ఆ పుట ప్రతిసారీ ఏడిపిస్తుంటే కొన్నాళ్లు తీసి ఉంచండి. ఫోటో మూలలకు జేబులు పెట్టమన్నది ఇందుకు కూడా.

వారికీ పని ఇవ్వండి. కాగితం రంగు వారినే ఎంచుకోనివ్వండి, మూలలు నొక్కించండి. కత్తెర మాత్రం మీ చేతిలో ఉండనివ్వండి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

మతిమరుపు నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. నిన్నటి దాకా బాగున్న మనిషి ఈ రోజు హఠాత్తుగా తికమక పడుతుంటే, మత్తుగా ఉంటే, లేనివి కనబడుతున్నాయంటుంటే దాన్ని వయసు మీదికి నెట్టకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నిమ్ము, చక్కెర పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు, ఇలా ఎన్నో కారణాలుంటాయి. చాలావాటికి చికిత్స ఉంది. ఆ రోజే తీసుకురండి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం కూడా ఆగకండి.

ఇంటి అభ్యాసం

1. మీ ఇంట్లోని పెద్దవారిని అడిగి ఐదు ఫోటోలు ఎంచుకోండి. ప్రతి ఫోటో వెనుక కవరు మీద పేర్లు, ఊరు, సంవత్సరం రాయించండి. ఆ పేర్లు తెలిసినవారు వారొక్కరే కావచ్చు.
2. ఒక ఫోటోకు రెండు అంచులు వేసి మొదటి పుట పూర్తి చేయండి.
3. మీ బీరువాలో కలరా ఉండలు ఉన్నాయేమో చూడండి.

పేషెంటును వార్డులో చేర్చే రోజు ఈ పుస్తకాన్ని సంచిలో పెట్టి తీసుకురండి. కొత్త చోట, కొత్త ముఖాల మధ్య రాత్రి నిద్ర పట్టనప్పుడు మా నర్సులు దాన్ని తెరిచి, "మీ పెద్దబ్బాయి లారీ నడుపుతాడట కదా!" అని పలకరించగలుగుతారు.