తాళం గెస్ట్‌లో, నిద్ర హోస్ట్‌లో

మన ఆపరేటింగ్ సిస్టమ్స్ సిలబస్‌లో షెడ్యూలింగ్ ఒక యూనిట్, లాక్‌లు ఇంకో యూనిట్. పరీక్షకి విడివిడిగా చదివేస్తాం. కేవీఎం సోర్స్ కోడ్ చదవడం మొదలుపెట్టాక, హైపర్‌వైజర్‌లో ఈ రెండింటినీ విడదీసి చూడలేమని నాకు అర్థమైంది. ల్యాబ్‌లో ఒకే సర్వర్ మీద బోలెడు వర్చువల్ మెషీన్లు నడుస్తుంటాయి. మన ప్రాజెక్టు నెమ్మదించగానే "ఇంకో నాలుగు ప్రాసెసర్లు ఇద్దాం" అంటాం. అలా అనే ముందు ఈ సంగతి తెలిసుండాలి.

వర్చువల్ ప్రాసెసర్ అంటే ఒక థ్రెడ్

కేవీఎం 2007లో లినక్స్ 2.6.20తో పాటు వచ్చిన కెర్నల్ మాడ్యూల్. దీనికి సొంత షెడ్యూలర్ లేదు. క్యూఎము ప్రాసెస్‌లో ఒక్కో వర్చువల్ ప్రాసెసర్‌కీ ఒక్కో మామూలు థ్రెడ్ ఉంటుంది. లినక్స్ షెడ్యూలర్ దృష్టిలో అదీ, మీ బ్రౌజర్ థ్రెడ్డూ ఒకటే. వంతు అయిపోతే దింపేస్తుంది. దింపే ముందు ప్రీఎంప్ట్ నోటిఫయర్ ద్వారా కేవీఎంకి కబురు వెళ్తుంది. కేవీఎం ఆ ప్రాసెసర్ స్థితిని దాచి, మళ్ళీ వంతు వచ్చినప్పుడు, అది వేరే కోర్ మీదైనా సరే, తిరిగి ఎక్కిస్తుంది.

ఒకే వర్చువల్ ప్రాసెసర్‌ని రెండు థ్రెడ్లు ఒకేసారి నడపకుండా మాడ్యూల్‌లో ఒక మ్యూటెక్స్ ఉంటుంది. స్పిన్‌లాక్ ఎందుకు కాదు? గెస్ట్ ఎంతసేపు నడుస్తుందో తెలీదు, మధ్యలో ఆ థ్రెడ్ నిద్రపోవచ్చు కూడా. స్పిన్‌లాక్ పట్టుకుని నిద్రపోకూడదనేది కెర్నల్‌లో మొదటి పాఠం.

ఆ పాఠం ఎక్కడ తప్పుతుంది?

స్పిన్‌లాక్ మొత్తం ఒక్క నమ్మకం మీద నిలబడింది: లాక్ ఉన్నవాడు ఇప్పుడు నడుస్తున్నాడు, క్షణంలో వదిలేస్తాడు. అందుకే కెర్నల్ స్పిన్‌లాక్ తీసుకోగానే ప్రీఎంప్షన్ ఆపేస్తుంది. గెస్ట్ కెర్నల్ కూడా అదే చేస్తుంది. కానీ అది ఆపగలిగేది తన షెడ్యూలర్‌ని మాత్రమే. కింద హోస్ట్ షెడ్యూలర్ ఉందనీ, అది తనని ఏ క్షణమైనా దింపేయగలదనీ గెస్ట్‌కి తెలీదు. గెస్ట్ చేతిలో లాక్ ఉందని హోస్ట్‌కీ తెలీదు.

హాస్టల్‌లో రూమ్ తాళంచెవి జేబులో ఉన్నవాడిని వార్డెన్ పిలిపించుకుని కూర్చోబెట్టాడనుకోండి. మిగతా ముగ్గురూ గుమ్మం దగ్గర "ఇదిగో వచ్చేస్తాడు" అనుకుంటూ నిలబడే ఉంటారు. ఇక్కడ ఇంకా ఘోరం, ఆ నిలబడినవాళ్ళు కూడా కోర్లు వాడుకుంటూనే ఉంటారు.

లాక్‌తో పని 2 మైక్రోసెకన్లనీ, దిగిపోయిన ప్రాసెసర్ వంతు మళ్ళీ రావడానికి 4 మిల్లీసెకన్లనీ అనుకుందాం. నిరీక్షణ 2000 రెట్లు పెరిగింది. దీన్నే లాక్ హోల్డర్ ప్రీఎంప్షన్ అంటారు. వరస ప్రకారం లాక్ ఇచ్చే టికెట్ స్పిన్‌లాక్‌తో ఇంకో చిక్కు: లాక్ ఖాళీ అయినా, తర్వాతి టోకెన్ ఉన్నవాడు దిగిపోయి ఉంటే వెనకున్న వాళ్ళెవరూ కదలలేరు.

కబురు చేరే దారులు

మొదటిది హార్డ్‌వేర్ దారి. స్పిన్‌లాక్ లూప్‌లో పాజ్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంటుంది. గెస్ట్ కెర్నల్ దాన్ని వెంటవెంటనే చేస్తూ పోతే ఇంటెల్ ప్రాసెసర్ పసిగట్టి హోస్ట్‌కి అప్పగిస్తుంది. కేవీఎంలో ఆ గడువు మొదట 4096 సైకిళ్ళు. అప్పుడు కేవీఎం అదే మెషీన్‌లో దిగిపోయి ఉన్న ఇంకో వర్చువల్ ప్రాసెసర్‌ని ఎంచుకుని, ఈ వంతు దానికి ఇప్పిస్తుంది. లాక్ ఎవరి దగ్గరుందో కచ్చితంగా తెలీదు కాబట్టి ఇది ఊహే. కెర్నల్ మోడ్‌లో ఉండగా దిగిపోయినవాళ్ళకి ప్రాధాన్యం ఇవ్వడం ఆ ఊహకి పదును పెట్టడమే.

రెండోది గెస్ట్‌ని కలుపుకునే దారి, పారావర్చువల్ స్పిన్‌లాక్. గెస్ట్ కాసేపు తిరిగి, లాక్ దొరక్కపోతే హాల్ట్ అయి కోర్ వదిలేస్తుంది. లాక్ వదిలేవాడు హైపర్‌కాల్ చేసి నిద్రపోయినవాడిని లేపుతాడు. ఇక్కడ ఊహ లేదు, కబురే ఉంది.

మనకి పనికొచ్చే ముక్క

గెస్ట్‌లో టాప్ కమాండ్ నడిపి 'ఎస్‌టీ' అంకె చూడండి. మన వర్చువల్ ప్రాసెసర్ సిద్ధంగా ఉండి కూడా కోర్ దొరక్క ఆగిన సమయం అది. అది ఎక్కువగా ఉంటే ప్రాసెసర్లు పెంచడం వల్ల కోర్లు పుట్టుకురావు, గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళు పెరుగుతారంతే. ముందు ఒకటో రెండో తగ్గించి, అదే ప్రోగ్రాంకి ఎంత టైమ్ పడుతుందో కొలిచి చూడండి.