కణ విభజనకు తాళంచెవి: ప్రయోగశాలలో తయారయ్యే మానవ ప్రోటీన్

చిన్న గాయం మానాలన్నా, గోరు పెరగాలన్నా మన శరీరంలో కణాలు విభజన చెందాలి. ఆ విభజన అదుపు తప్పితే అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. మరి ఇక విభజన మొదలుపెట్టమని కణానికి చెప్పేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన తొలితరం శాస్త్రవేత్తల్లో తెలుగువాడైన పోటు ఎన్. రావు ఒకరు.

రెండు కణాలను కలిపిన ప్రయోగం

కణం జీవితంలో నాలుగు దశలుంటాయి. జీ1లో కణం పెరుగుతుంది. ఎస్ దశలో డీఎన్‌ఏకు నకలు తయారవుతుంది. జీ2లో విభజనకు సిద్ధమవుతుంది. ఎమ్ దశలో రెండుగా విడిపోతుంది.

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ రావు, రాబర్ట్ జాన్సన్ కలిసి వేర్వేరు దశల్లో ఉన్న హీలా కణాలను జతచేసి ఒకే కణంగా మార్చారు. ఇందుకు నిర్వీర్యం చేసిన సెండాయ్ వైరస్‌ను వాడారు. ఎస్ దశ కణంతో కలిసిన జీ1 కేంద్రకం తన సమయం రాకముందే డీఎన్‌ఏ నకలు తీయడం మొదలుపెట్టింది. ఎమ్ దశ కణంతో కలిసినప్పుడైతే ఏ దశలో ఉన్న కేంద్రకమైనా తన క్రోమోజోములను అకాలంగా దగ్గరకు చుట్టేసుకుంది. అంటే విభజన చెందుతున్న కణంలోని ద్రవంలో, పక్క కేంద్రకానికి కూడా ఆజ్ఞ ఇవ్వగల పదార్థమేదో ఉందన్నమాట. ఈ ఫలితాలు 1970లో 'నేచర్' పత్రికలో వెలువడ్డాయి.

ఆ తర్వాత హ్యూస్టన్‌లో సుంకర, రైట్, రావు మరో అడుగు వేశారు. విభజన దశలోని మానవ కణాల సారాన్ని కప్ప అండకణాల్లోకి ఎక్కించారు. అక్కడ కూడా క్రోమోజోములు దగ్గరకు చుట్టుకున్నాయి. జీ1, ఎస్ దశల సారానికి ఆ శక్తి లేదు. 1979లో వెలువడిన ఈ పరిశోధన, మనిషి కణం ఇచ్చే సంకేతం కప్ప కణానికీ అర్థమవుతుందని చూపింది.

ఆ పదార్థం ఏమిటి?

1987లో మెలనీ లీ, పాల్ నర్స్ ఒక మానవ జన్యువును ఈస్ట్‌లో ప్రవేశపెట్టి, ఆగిపోయిన విభజనను తిరిగి నడిపించారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ పేరు సీడీకే1. ఇందులో 297 అమైనో ఆమ్లాలుంటాయి. ఇది ఒంటరిగా పనిచేయలేదు, సైక్లిన్ బి అనే తోడు కావాలి. ఈ జంటే రావు బృందం చూసిన ఆజ్ఞకు మూలం. కణచక్రాన్ని నియంత్రించే కీలక అణువులను కనుగొన్నందుకు 2001లో హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

సీసాలోకి ఎలా వస్తుంది?

పరిశోధకులకు ఈ ప్రోటీన్ శుద్ధమైన రూపంలో కావాలి. అందుకే మానవ జన్యువును వేరే జీవి కణాల్లో పెట్టి తయారుచేయిస్తారు. ఇలా తయారైనదే రీకాంబినెంట్ ప్రోటీన్. బ్యాక్టీరియాలో తయారీ చవక. కానీ సీడీకే1 చురుగ్గా పనిచేయాలంటే దాని 161వ స్థానంలో ఒక ఫాస్ఫేట్ చేరాలి. ఆ పని చేసే ఎంజైమ్ బ్యాక్టీరియాలో లేదు, కీటక కణాల్లో ఉంది. కాబట్టి సాధారణంగా బాక్యులోవైరస్ ద్వారా రెండు జన్యువులనూ కీటక కణాల్లోకి పంపుతారు. ప్రోటీన్ చివర హిస్టిడిన్ల తోక తగిలిస్తే, నికెల్ ఉన్న గొట్టం గుండా పోసినప్పుడు అది అక్కడే అతుక్కుంటుంది, మిగతావి కారిపోతాయి. శుద్ధిచేసిన ప్రోటీన్‌ను మైనస్ 80 డిగ్రీల వద్ద భద్రపరుస్తారు. ఇది పరిశోధనకే తప్ప మందుగా వాడేది కాదు.

పరీక్షలో జాగ్రత్త

ఈ ప్రోటీన్‌కు హిస్టోన్ హెచ్1, ఏటీపీ అందిస్తే అది హిస్టోన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. కొత్త మందు కలిపాక ఆ చర్య ఆగిపోయిందనుకోండి. మందు పనిచేసినట్టేనా? తొందరపడకూడదు. నిల్వలో ప్రోటీనే పాడైపోయి ఉండవచ్చు. అందుకే మందు కలపని గొట్టాన్ని పక్కన తప్పనిసరిగా ఉంచాలి. అందులో చర్య జరిగితేనే మొదటి ఫలితానికి విలువ.

గొట్టంలో నెగ్గినంత మాత్రాన మందు తయారైనట్టు కాదు. ఎముక మజ్జ, పేగు, వెంట్రుకల మూలాల్లోని ఆరోగ్యకరమైన కణాలూ విభజన చెందాల్సిందే. సీడీకే1ను పూర్తిగా ఆపితే వాటికీ ముప్పే. దాని బంధువులైన సీడీకే4, సీడీకే6లను అడ్డుకునే పాల్బోసిక్లిబ్ అనే మందుకు మాత్రం రొమ్ము క్యాన్సర్ చికిత్స కోసం 2015లో అమెరికాలో అనుమతి లభించింది. రెండు కణాలను కలిపి చూసిన ఒక కుతూహలం, నలభై అయిదేళ్లలో రోగి చేతికందే మాత్ర వరకు సాగిన దారిలో తొలి అడుగుల్లో ఒకటైంది.